సున్నం బొట్టు లేని రాయి

నా కుడి మణికట్టు విరిగి ఏడాది దాటింది. ఇప్పటికీ ఎవరైనా ఎలా విరిగిందని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. జవాబు చిన్నదే. రోడ్డు మీద రాయి ఉంది, స్కూటరు దాన్ని ఎక్కింది, నేను పడ్డాను. అంతటితో ఊరుకుంటారా? హెల్మెట్ ఉందా, అంత వేగం ఎందుకు, ఆ రోజు ఏ వారం, ఎదురు ఎవరొచ్చారు అని మొదలుపెడతారు. ఆ రాయిని రోడ్డు మీద ఎవరు పెట్టారని మాత్రం ఒక్కరూ అడగరు. మదనపల్లెలో పాతికేళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. తప్పు జవాబు వచ్చిందంటే ఏదో ఒక మెట్టులో తప్పు జరిగి ఉండాలి, ఆ మెట్టు ఏదో పట్టుకోవాలి. నాకు వచ్చిన విద్య అదొక్కటే, అదే నన్ను తిప్పలు పెట్టింది.

మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, కొత్తవాళ్ళ కోసం చెబుతాను. కోతలయ్యాక మా తారు రోడ్లు సగం కళ్ళాలైపోతాయి. రాగులు, ఉలవలు, ఎండాకాలంలో చింతకాయలు, అన్నీ రోడ్డు మీదే ఆరబోస్తారు. బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు. సాయంత్రానికి గింజలు ఎత్తుకుని ఇంటికి పోతారు. రాళ్ళు మాత్రం రోడ్డు మీదే మిగులుతాయి. బండి చెడిపోయినవాళ్ళూ అంతే. చక్రం వెనక ఒక రాయి పెడతారు, రిపేరయ్యాక బండెక్కి చక్కా పోతారు. మా దగ్గర రోడ్డు మీద రాయి పెట్టే హక్కు అందరికీ ఉంది, తీసే తీరిక ఎవరికీ లేదు.

ఆ శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం పుంగనూరులో మా అక్కను చూడడానికి స్కూటరు మీద బయలుదేరాను. పెద్ద రోడ్డు మీద లారీల భయం, అందుకని పల్లెల మీదుగా పోయే లోపలి రోడ్డు పట్టాను. ఒక మలుపులో టీ అంగడి దాటగానే రుబ్బురోలు గుండంత రాయి. చూసేసరికే ముందు చక్రం దాని మీద ఉంది. కుడిచేయి కింద పడింది, దాని మీద నేను పడ్డాను.

ఆ తర్వాతి సంగతులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. ఎవరో నోట్లో నీళ్ళు పోశారు. సంచిలో ఫోను మోగుతూ ఉంటే ఎవరో తీసి ఇంకెవరి చేతికో ఇచ్చారు. ఒక టెంపో ఆగింది. డ్రైవరుకు ముప్పై ఏళ్ళుంటాయేమో. కుప్పం దగ్గర శాంతిపురం వైపు మనిషి. మదనపల్లె మార్కెట్లో టమోటాలు దింపి ఖాళీ పెట్టెలతో తిరిగిపోతున్నాడు. నన్ను తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, స్కూటరును పెట్టెల మధ్యకెక్కించి, బండి తిప్పి మళ్ళీ మదనపల్లె ఆస్పత్రికి తెచ్చాడు. మా అక్క వచ్చేదాకా కదల్లేదు. టీ తాగమంటే తాగలేదు. నంబరిచ్చి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఎంత సిగ్గరి అనుకున్నాను.

ఎముక రెండు చోట్ల విరిగిందన్నారు. లోపల ప్లేటు వేశారు. సుద్దముక్క పట్టుకోవడం వస్తుందని డాక్టరు ధైర్యం చెప్పాడు. నేను ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాను, అది వస్తుందా అని అడిగితే చూద్దామన్నాడు. డాక్టరు చూద్దామంటే ఏమిటో ఇంత వయసొచ్చాక నాకు తెలియదా.

డబ్బు గురించి కాదు నా ఏడుపు. బడివాళ్ళు సెలవిచ్చారు, అక్క వండి పెట్టింది. నాకు కావలసింది ఒకే ఒక్క మాట. ఎవరో ఒకరు నా ఎదుట నిలబడి "నాదే తప్పు" అనాలి. చర్చిలో ప్రతి ఆదివారం అందరం గొంతు కలిపి పాపులమని ఒప్పుకుంటాం, అది గుంపులో కాబట్టి సులువు. సోమవారం పొద్దున ఒక్కొక్కరినీ పిలిచి అడగండి, ఏ ఒక్కరూ ఏ తప్పూ చేసి ఉండరు.

కట్టుతోనే, పదిహేను రోజులకు ఆటో కట్టించుకుని ఆ మలుపుకు పోయాను. టీ అంగడికి ఎదురుగా ఒక అవ్వ ఉలవలు ఆరబోసి ఉంది. చుట్టూ రాళ్ళు. ఇంకేం కావాలి? లెక్క తేలిపోయిందనుకున్నాను.

"అవ్వా, నేను పడింది నీ రాయి మీదే" అన్నాను.

అవ్వ నా కట్టు వైపు చూసి లేచి నిలబడింది. "నాది కాదమ్మా. నా రాళ్ళు పదకొండు. అన్నిటికీ సున్నం బొట్టు పెట్టి ఉండా, ఎవురూ ఎత్తుకపోకుండా. ఆ పొద్దు సాయంత్రం ఉలవలు ఎత్తినంక పదకొండూ గట్టు మీద పెట్టే ఇంటికి పోయినా."

"బొట్టు చెరిగిపోయి ఉంటుంది."

"చెరిగిపోతే పది ఉండాల గదా? సూడు, పదకొండు ఉండాయి. లెక్కబెట్టుకో."

"పన్నెండు ఉండేవేమో నీకేం తెలుసు?"

అవ్వ నా ముఖం వైపు చూసింది. కోపం కూడా కాదు, వింతగా. "నువ్వు పడిన రాయి ఆ కాలవలోనే ఉండాది. టీ అంగడాయన తోసినాడు. పోయి సూడు, బొట్టు ఉండాదో లేదో."

కాలువ పది అడుగుల దూరంలో ఉంది. నేను పోలేదు. చేయి నొప్పి అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే, పదిహేను రోజులుగా వెతికితే దొరికిన మనిషిని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. "నేను చూడనక్కర్లేదు" అని టీ తాగేవాళ్ళందరికీ వినబడేలా అన్నాను. క్లాసులో వెనక బెంచీ దాకా వినిపించే గొంతు నాది. ముసలావిడ ఒకరి చేయి విరిచి కూడా ఒప్పుకోవడం లేదని చెప్పాను. వాళ్ళు తలలూపి, ఏదో గ్రహచారం లేమ్మా అన్నారు. గ్రహాలు రోడ్డు మీద రాళ్ళు పెట్టవని చెప్పి ఆటో ఎక్కాను.

అంతటితో ఆగానా? స్టాఫ్ రూములో చెప్పాను. చర్చి మెట్ల మీద చెప్పాను. ఆ ఊరి నుంచి మా బడికి వచ్చే ఇద్దరు పిల్లల తల్లిదండ్రులకు పనిగట్టుకుని చెప్పాను. ఉలవల అవ్వ అనే పేరు కూడా నేనే పెట్టాను.

తర్వాత పోలీస్ స్టేషన్. కానిస్టేబుల్ కాగితం ముందు పెట్టుకుని, ఏ బండి గుద్దిందని అడిగాడు.

"బండి కాదు. రాయి."

అతను పెన్ను కింద పెట్టాడు. "రాయి మీద కేసు ఎట్లా రాసేదమ్మా?"

"పెట్టినవాళ్ళ మీద రాయండి."

"పెట్టేటప్పుడు సూసినారా?"

చూడలేదు. పెన్ను మళ్ళీ జేబులోకి పోయింది. నీళ్ళు తాగుతారా అని మర్యాదగా అడిగాడు. ఆ మర్యాదకు నాకు ఇంకా మండింది.

ఇక మిగిలింది మా చిన్నాన్న కొడుకు. మదనపల్లె కోర్టులో వకీలు. చిన్నప్పుడు నా దగ్గరే గుణకారాలు నేర్చుకున్నాడు, ఇప్పుడు నాకే పాఠం చెప్పాడు.

"హాని జరిగితే సరిపోదక్కా. ఆ హాని ఒకరి తప్పు వల్ల జరిగిందని సూపించాల. తప్పంటే కావాలని సేసిందే కాదు. సూడాల్సిన మనిషి, సూడగలిగి ఉండి, సూడకపోయినా అది తప్పే."

"అదే కదా నేనంటున్నది! రాయి తీయాల్సిన మనిషి తీయలేదు."

"ఆ మనిషి ఎవరో రుజువు లేదు. అవ్వే అనుకో, ఆమె మీద గెలిసి ఏమి సేస్తావు? ఉలవలు కొలిపిచ్చుకుంటావా?" కాగితాలు సర్దుకుని గొంతు తగ్గించాడు. "ఒక దారుండాది. నిన్ను ఆస్పత్రికి తీసుకొచ్చిన టెంపో ఉండాది గదా. దానికి ఇన్సూరెన్స్ ఉండాది. టెంపో తగిలి పడినానని రాద్దాం. వాడు ఒప్పుకుని చిన్న జరిమానా కడతాడు, అది మనమే ఇచ్చేద్దాం. కంపెనీ నీకు ఇస్తాది. అందరూ సేసేదే ఇది."

నన్ను కాపాడినవాణ్ణి నన్ను గుద్దినవాణ్ణి చేయాలట! నేను అరిచిన అరుపుకు బయట బెంచీ మీద కూర్చున్న కక్షిదారులు లోపలికి తొంగి చూశారు. నేను అబద్ధం రాయనని, రాస్తే నిజమే రాయమని చెప్పాను. నిజం రాస్తే దానికి ఇన్సూరెన్స్ లేదక్కా అన్నాడు, అదేదో నా పొరపాటైనట్టు.

మూడు నెలలు గడిచాయి. కట్టు విప్పారు. బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య దూరం కీబోర్డు మీద సరిపోవడం లేదు. చర్చిలో నా చోట ఇప్పుడు ఇంకొకామె వాయిస్తోంది. బాగానే వాయిస్తుంది. అది కూడా నాకు కోపమే. అప్పుడు మా వకీలు తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, కేసు ఏసే గడువు దగ్గర పడతాండాది. నీకు సెప్పకుండానే ఆ టెంపో అతనితో మాట్లాడినా. మారు మాట లేకుండా ఒప్పుకున్నాడు."

ఒప్పుకున్నాడా! చేయని తప్పును? నాకు తమ్ముడి కన్నా ఆ డ్రైవరు మీద ఎక్కువ కోపం వచ్చింది. నిజంగా తప్పు చేసినవాళ్ళు ఒప్పుకోరు, చేయనివాడు జరిమానా కట్టడానికి లైన్లో నిలబడతాడు. ఈ దేశంలో ఏ లెక్కా ఎందుకు తేలదో నాకు అప్పుడు అర్థమైందనుకున్నాను. తెల్లారి బస్సెక్కాను. పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బస్టాండుకు రమ్మని దారిలోనే ఫోను చేసి ఉన్నాను.

వచ్చాడు. ఇప్పుడూ తల వంచుకునే ఉన్నాడు. సోడా తాగుతారా అని అడిగాడు. నేను సోడా తాగడానికి రాలేదని చెప్పి, నిలబడ్డ చోటే మొదలుపెట్టాను.

"నీకు బుద్ధుందా అప్పా? సాయం చేసినవాడివి. నిన్ను నేను దోషిని చేస్తానా? చేయని తప్పు ఎందుకు ఒప్పుకున్నావు?"

"సేసిందే గదమ్మా" అన్నాడు.

నాకు సరిగ్గా వినబడలేదనుకున్నాను. బస్సు ఒకటి హారను కొడుతోంది. అది పోయేదాకా ఆగి మళ్ళీ చెప్పాడు.

"ఆ పొద్దు ఇంకా తెల్లారకనే మార్కెట్టుకు పోయేటప్పుడు ఆ మలుపులో టైరు పంచరాయ. లోడు ఉండాది, బండి వెనక్కి జారతాదని కాలవ గట్టు కాడ ఉన్న రాయి తెచ్చి చక్రం వెనక పెట్టినా. స్టెప్నీ మార్సినా. టమోటాకు రేటు పడిపోతాదని సేటు ఫోను మీద ఫోను. రాయి తీయకుండానే పోతిని. తిరిగి వచ్చేటప్పుడు సూస్తే మీరు ఆడ పడుండారు. రాయి సూడంగానే తెలిసిపాయ, నాదేనని." చొక్కా అంచు నలుపుతూ నిలబడ్డాడు. "తప్పు నాదేనమ్మా. ఆ పొద్దే సెప్పాల. నోరు రాలేదు."

మూడు నెలలుగా వెతుకుతున్న మాట. ఊహించుకున్నట్టే, నా ఎదుట నిలబడి, తల వంచుకుని చెప్పాడు. నాకు రవ్వంత సంతోషం కూడా కలగలేదు. నాకు ముందు గుర్తొచ్చింది పదకొండు రాళ్ళు. లెక్కబెట్టుకో అని అవ్వ అన్న మాట.

"కేసు రాయించుకోండమ్మా" అన్నాడు. "సంతకం పెడతా."

"ఇప్పుడేం పని చేస్తున్నావు?"

"వచ్చే నెల నుంచి బెంగుళూరులో కంపెనీ బస్సు. పిల్లల్ని గూడా ఆడికే తీసుకోని పోదామని. కేసు ఉంటే తీసుకోరు. ఏం పర్వాలేదు, టెంపో ఉండనే ఉండాది."

"కేసు ఉంటే తీసుకోరని తెలిసి ఎందుకు ఒప్పుకున్నావయ్యా?"

"మీ సెయ్యి సూసినా గదమ్మా."

తిరుగు బస్సులో కూర్చున్నాక తమ్ముడు ఫోను చేశాడు. వాడు అల్లిన అబద్ధం ముప్పాతిక నిజమై కూర్చుంది. టెంపో నన్ను తగల్లేదు గానీ, నేను పడింది టెంపో వల్లే. ఇప్పుడు నిజమే రాయించవచ్చు. దానికి ఇన్సూరెన్స్ కూడా ఉంది. ఏమన్నాడక్కా అని అడిగాడు. ఏమీ అనలేదు, కేసు వద్దు అన్నాను. వాడు తల పట్టుకుని ఉంటాడు. అబద్ధం రాయనని వాడి ఆఫీసు ఎగిరిపోయేలా అరిచిన మనిషిని, ఫోనులో ఇంత సాఫీగా అబద్ధం చెప్పేశాను.

మర్నాడు ఆ మలుపుకు పోయాను. ఆటో దిగి నేరుగా కాలువ దగ్గరికే నడిచాను. పది అడుగులే. రాయి అక్కడే ఉంది, ఒక పక్కన టైరు నలుపు. వంగి, ఎడమచేత్తో దొర్లించి నాలుగు వైపులా చూశాను. సున్నం బొట్టు ఎక్కడా లేదు. బొట్టు చెరిగిన ఆనవాలు కూడా లేదు. చూడాల్సిన మనిషి, చూడగలిగి ఉండి, చూడకపోవడం. తమ్ముడు చెప్పిన పాఠంలో ఉన్నది నేనే.

రోడ్డు మీద అవ్వ లేదు. టీ అంగడాయన్ని అడిగితే గ్లాసులు కడుగుతూ చెప్పాడు.

"మీరు సెప్పిపోయినంక ఊర్లో పెద్దోళ్ళు తిట్టిరి మేడమ్. టీచరమ్మ సెయ్యి ఇరగ్గొట్టిందని పిలకాయలు గూడా ఎగతాళి సేస్తాండారు. రోడ్డు మీద ఆరబోయొద్దనిరి. ఇప్పుడు చింతకాయలు కొండ కింద బండ మీదికి మోసుకోని పోతాది. మోకాళ్ళు నొప్పులు ఆ యమ్మకు."

గంట సేపు కూర్చున్నాను. అవ్వ తల మీద మూటతో, అడుగడుగుకూ ఆగుతూ వచ్చింది. నన్ను చూసి పక్కకు తిరిగి పోబోయింది. టీ తాగేవాళ్ళు అయిదారుగురు ఉన్నారు. ఆ రోజు ఎవరి ముందు అన్నానో వాళ్ళలో ఇద్దరు ఉన్నారు. నేను లేచాను. ఇంతమందిని ఈ మాట కోసం పీడించాను కదా, చెప్పడం ఇంత కష్టమని నాకు తెలియదు. ముందు చింతపండు ధర అడిగాను. తర్వాత ఎండల గురించి ఏదో అన్నాను. ఏదో అలా జరిగిపోయింది అన్నది కూడా నాలుక చివరిదాకా వచ్చింది. వాళ్ళ నోట వింటే నాకు ఒళ్ళు మండే మాట అదే.

"రాయి ఈ అవ్వది కాదు" అన్నాను చివరికి, వెనక బెంచీ గొంతుతోనే. "ఆ రోజు చూడమంటే నేను చూడలేదు. చూడకుండానే ఈమె మీద వేశాను. తప్పు నాది."

టీ అంగడాయన గ్లాసు దించి అడిగాడు. "మరి ఎవరిది మేడమ్?"

"తెలియదు."

"ఎవరిదో తెలీనప్పుడు, ఈ యమ్మది కాదని మీకెట్లా తెలిసె?"

ఇంతకాలం లెక్కలు చెప్పినదాన్ని, టీ కొట్టులో ఒక్క ప్రశ్నకు దొరికిపోయాను. సున్నం బొట్టు సంగతి చెప్పాను. చెరిగిపోయి ఉంటాదిలే అన్నాడు ఒకాయన. అది నా మాటే. డ్రైవరు పేరు చెబితే అవ్వ బయటపడుతుంది, అతని బస్సు పని పోతుంది. చెప్పకపోతే అవ్వ బండ మీదికి మోస్తూనే ఉంటుంది. ఇక ఏమీ తోచక, నోటికొచ్చింది అనేశాను.

"రాయి ఎవరిదైతే ఏమిటి? నేను ఫోను చూస్తూ నడిపాను. ముందు చూసుకోలేదు. అందుకే పడ్డాను. ఇంకెవరి తప్పూ లేదు."

అబ్బ, ఎంత తేలికపడ్డారో! అందరి ముఖాలూ విప్పారాయి. వెంటనే తిట్లు మొదలయ్యాయి. "సదువుకున్నదానివి, ఫోను సూస్తా బండి తోలతారా?" "పిలకాయలకు ఏమి సెప్తావమ్మా నువ్వు?" "పాపం, ముసిల్దానికి అన్ని తిట్లు తినిపిస్తివే!" చెయ్యని తప్పుకు, చేసిన తప్పుకు కలిపి ఒకేసారి తిట్టారు. ఏది దేనికో విడదీయలేక అన్నిటికీ తలూపాను. చర్చిలో కూడా అంత బుద్ధిగా ఎప్పుడూ నిలబడలేదు.

అవ్వ ఒక్కతే తిట్టలేదు. మూట దించి, నేను ఆటో ఎక్కేటప్పుడు దగ్గరికి వచ్చింది.

"ఆ పొద్దు నీ ఫోను సంచీలో ఉండె" అంది, నాకు మాత్రమే వినబడేలా. "మోగతా ఉంటే నేనే తీసి ఆ టెంపో అబ్బికి ఇస్తిని. నీళ్ళు గూడా నేనే పోస్తిని."

అవ్వ నా ముఖం చూసింది. రాయి ఎవరిదో అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"రేపట్నుంచి ఈడనే ఆరబోసుకోవచ్చునా?" అని మాత్రం అడిగింది.

తర్వాతి శనివారం పోయి చూద్దును కదా, సరిగ్గా అదే మలుపులో, సగం రోడ్డు మీద, చింతకాయలు! చుట్టూ రాళ్ళు! ఇంత జరిగాక కూడా! ఎవరో ఇంకొకరు పడతారు అవ్వా అని మొత్తుకున్నాను. సాయంత్రం ఎత్తేస్తా కదమ్మా అంది. గంట సేపు వాదించినా ఒక్క అడుగు పక్కకు జరగలేదు. ఈ మనుషులతో ఎవరు వేగగలరు? చివరికి నేనే అలిసిపోయి ఊరుకున్నాను.

"పదకొండు ఉండాయి" అంది అవ్వ. "లెక్కబెట్టుకో."

ఈసారి లెక్కపెట్టాను. ఒక్కొక్క రాయి దగ్గరికీ పోయి, వంగి, బొట్టు ఉందో లేదో చూశాను.